మేడమీద ఐదు చొక్కాలు

ఫ్లెక్సీ మిషన్ వచ్చిన ఏడాదే నా జుట్టు ఊడటం మొదలైంది. రెండింటికీ సంబంధం లేదంటాడు డాక్టరు. ఆయన ఆసుపత్రి బోర్డు కూడా ఫ్లెక్సీయే, అందుకని ఆయన అలాగే అంటాడు.

అంతకుముందు మా వీధిలో ఏ కొట్టు నెత్తిన చూసినా నా చేతి అక్షరమే. మందుల షాపు, చెప్పుల షాపు, పళ్ళ డాక్టరు. పళ్ళ డాక్టరుకి నవ్వే మొహం కూడా వేశాను, ముప్ఫై రెండు పళ్ళూ లెక్కపెట్టి. ఏడో తరగతి మధ్యలో బడి ఎగ్గొట్టి బ్రష్ పట్టుకున్నవాణ్ణి. బడికి పోయే పిల్లలు మాత్రం నా బోర్డులు చూసే కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నారు. ఇప్పుడు నాకు మిగిలినవి గేట్లు. 'ఇక్కడ బండి పెట్టరాదు.' ఆ ముక్క రాసేటప్పుడు నా స్కూటర్ సరిగ్గా ఆ గేటు ముందే పెడతాను. అదొక తృప్తి.

మా అక్కకి ఒక్కతే కూతురు. ఇంట్లో అందరం అమ్మడూ అంటాం. బొమ్మల కాలేజీలో ఐదేళ్ళు చదివింది. బొమ్మలు వెయ్యడానికి కాలేజీ ఎందుకే అని నేను అప్పుడే అన్నాను, నా మాట ఎవరు విన్నారు కనక. చదువయ్యాక మూడేళ్ళుగా ఏ ప్రదర్శనకి పంపినా, బొమ్మలు వెళ్ళిన అట్టపెట్టెలోనే భద్రంగా తిరిగొస్తున్నాయి. అక్క ఆ పెట్టెల్ని మంచం కింద పేర్చింది. మంచం కింద చోటు అయిపోయిన రోజున గడువు పెట్టింది.

"ఈ ఒక్కసారికీ చూస్తాను. ఇదీ బెడిసికొడితే ఒకటో తారీకునుంచి ఫ్లెక్సీ షాపులో కంప్యూటర్ ముందు కూర్చోవాలి. మాట్లాడి వచ్చేశాను."

"ఫ్లెక్సీ షాపా! అక్కా, నా కడుపు కొట్టినవాడి దగ్గరికి నా మేనకోడల్ని పంపుతావా?"

"నీ కడుపు ఎవడూ కొట్టలేదురా. చూసుకో ఒకసారి, ఎంత ముందుకొచ్చిందో."

అమ్మడు నవ్వలేదు. అప్పుడు తెలిసింది నాకు, సంగతి నిజమేనని.

ఆ 'ఒక్కసారి' ఏమిటంటే, మా వీధి చివర పాత నూలు మిల్లు ఉంది. మిల్లు మూతపడ్డాక దాన్ని బొమ్మల హాలుగా మార్చారు. అందులో ఒక ప్రదర్శన పెడుతున్నారు. మనుషులు లేకుండా ఎగిరే విమానాలతో యుద్ధాలు చేసేవాళ్ళమీదా, ఎగిరే కెమెరాలతో జనాన్ని కనిపెట్టేవాళ్ళమీదా కళాకారులు ఏమంటారో చూపించడం. ఏడుగుర్ని తీసుకున్నారు, అందులో అమ్మడు ఒకతె. ఏడుగురిలో నచ్చిన ఒకరికి ఏడాదిపాటు హాల్లోనే ఒక గదిచ్చి, జీతమిచ్చి, నీ పని నువ్వు చేసుకోమంటారు. గది వస్తే అక్క నోరు మూతపడుతుంది. రాకపోతే ఫ్లెక్సీ.

ఎగిరే కెమెరా మాకేం కొత్త కాదు. మున్సిపాలిటీవాళ్ళది ఒకటి రోజూ పొద్దున తొమ్మిదింటికి మా ఇళ్ళమీదనుంచి పోతుంది. ఎవడు మేడమీద రేకులు వేశాడు, ఎవడు చెత్త పోశాడు అని ఫోటోలు తీస్తుంది. చెవిలో దూరినట్టు మోత కాబట్టి దానికి జోరీగ అని పేరు పెట్టాం. వీధిలో దాన్ని చూసి గడియారాలు సరిచేసుకునేవాళ్ళు కూడా ఉన్నారు.

దాన్ని చూసి భయపడే మనిషి ఒక్కతే. హాలు వెనక సందులో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే ఆవిడ. వయసులో నాకంటే చిన్నదే అయినా ఊరందరితోపాటు నేనూ ఇస్త్రీ పిన్ని అనే పిలుస్తాను. "నీకు కూడా పిన్నినేనా, నీ నెత్తిమీద నాలుగు వెంట్రుకలు లేవు," అంటుంది. ఎక్కడో యుద్ధంలో ఇల్లు పోగొట్టుకుని వచ్చింది. బయట ఎండ విరగ్గాస్తున్నా బట్టలన్నీ లోపల ఫ్యాను కిందే ఆరేస్తుంది. చొక్కాలు ముక్కవాసన వేస్తున్నాయని సగం వాడికలు పోయాయి.

ఒకరోజు అమ్మడు నేరుగా అడిగేసింది. "పిన్నీ, అంత ఎండ పెట్టుకుని లోపల ఎందుకు ఆరేస్తావు?"

"బయట ఆరేస్తే లెక్కపెడతారమ్మా."

"ఎవరు?"

పిన్ని చేతిలో ఇస్త్రీ పెట్టెతోనే పైకి చూపించింది. తర్వాత మెల్లిగా చెప్పింది. వాళ్ళవైపు పగలంతా ఆకాశంలో అవి తిరుగుతూనే ఉండేవట. వాళ్ళన్నకి చొక్కాల పిచ్చి. ఒకరోజు ఉన్న ఐదు చొక్కాలూ ఒకేసారి ఉతికి, తీగమీద ఆరేసి, బనీనుమీద బజారుకి పోయాడు. పైనుంచి చూసేవాడికి ఐదు చొక్కాలంటే ఐదుగురు మగవాళ్ళు. ఐదుగురు మగవాళ్ళు ఒక ఇంట్లో చేరారంటే ఏదో కుట్ర చేస్తున్నారని అర్థం.

"ఒక్క దెబ్బ. ఇల్లు లేదు, తీగ లేదు," అంది పిన్ని.

"మరి అన్నయ్య?" అమ్మడు ముందుకి వంగి అడిగింది.

"బజార్లో ఆరో చొక్కా బేరమాడుతున్నాడు." పిన్ని కిసుక్కున నవ్వింది. "బతికే ఉన్నాడులే. కానీ ఇప్పటికీ రెండు చొక్కాలకి మించి కొనడు. పిసినారి మొగుడు దొరికాడని మా వదిన ఏడుస్తుంది."

ఆ సాయంత్రమే అమ్మడు బొమ్మ గీసేసింది. హాలు మేడంతా పరుచుకునేలా ఐదు చొక్కాలు, రెండు దుప్పట్లు, ఒక చిన్న గౌను, ఆరు జతల మేజోళ్ళు. ఒక్కో చొక్కా మనిషికి నాలుగింతలు. పైనుంచి చూస్తేనే కనపడాలి. మేడమీద నీళ్ళ ట్యాంకు పక్కన హాలువాళ్ళు పొడుగాటి స్తంభం పాతి దానికో కెమెరా కట్టారు. అందులో కనపడే బొమ్మని కింద పెద్ద తెరమీద జనం చూస్తారు. హాలు నడిపే మేడమ్‌కి స్కెచ్ నచ్చింది, కమిటీవాళ్ళకీ పంపింది.

"మావయ్యా, అంత పెద్ద కొలతలో వెయ్యడం నాకు రాదు. నువ్వే రావాలి," అంది అమ్మడు.

"ఐదేళ్ళు ఏం నేర్పారే మరి?"

"మాట్లాడటం నేర్పారు."

"అది మీ అమ్మ దగ్గర ఊరికే వచ్చేది కదా."

ఒక్క షరతు మాత్రం పెట్టింది. "నీడలు వద్దు. నీడ కొడితే బట్టలు గాల్లో ఊగుతున్నట్టుంటాయి. నాకు నేలకి అతుక్కుపోయినట్టుండాలి. ఊపిరి పోయిన బట్టలు. అర్థమైందా?"

అర్థమైందన్నాను. అర్థం కావడం వేరు, చెయ్యి వినడం వేరు. బోర్డు రాసేవాడికి నీడ అంటే ఏమిటో కాలేజీలో చెప్పరు. అక్షరం ఒళ్ళు ఆరగానే, బూడిదరంగు కలిపి, కుడిపక్కకీ కిందికీ సన్నగా ఒక పట్టీ లాగుతాం. అప్పుడు అక్షరం బోర్డునుంచి లేచి నిలబడుతుంది. ముప్ఫై ఏళ్ళపాటు రోజుకి పది బోర్డుల చొప్పున లాగిన చెయ్యి ఇది. అన్నం తినేటప్పుడు నోరెక్కడుందో చూసుకుంటామా? అంతే.

మొదటి రెండు రోజులూ ఇద్దరం కలిసి చేశాం. నేను తాడుకి సుద్ద రాసి గీతలు కొట్టాను, అమ్మడు రంగులు నింపింది. మధ్యమధ్యలో కింద మిగతా కళాకారులు ఏం చేస్తున్నారో చూసి వచ్చేవాణ్ణి. ఒకావిడ స్టీలు పళ్ళేలు అద్దాల్లా తోమించి ఆవరణంతా పరుస్తోంది, పైనుంచి చూసేవాడికి వాడి మొహమే వాడికి కనపడాలట. తోమేది మాత్రం ఆవిడ కాదు, వాళ్ళాయన. ఒక గెడ్డం అబ్బాయి తోటలో చీమల బారుమీద కెమెరా బిగించి, లోపల కుర్చీ వేసి, కుర్చీ చేతికి ఎర్ర మీట పెట్టాడు. కూర్చున్నవాడికి తెరమీద చీమలు కనపడతాయి. మీట నొక్కితే ఏమీ జరగదు. అయినా కూర్చున్న ప్రతివాడూ నొక్కుతున్నాడు. నేనూ నొక్కాను, రెండుసార్లు. లేచాక ఆ అబ్బాయి మొహం చూడబుద్ధి కాలేదు.

మూడోరోజు అమ్మడికి ఎండ దెబ్బ తగిలి జ్వరం వచ్చింది. అక్క మంచంలో పడేసి తలుపు గడియ పెట్టింది. నేనొక్కణ్ణే గుండీలూ మడతలూ గౌను అంచు కుట్టూ వేసుకున్నాను. నాలుగో రోజు మధ్యాహ్నానికి రంగు ఆరింది. గాలి చల్లగా ఉంది. చాలా ఏళ్ళ తర్వాత చేతినిండా పని, నన్ను అది చెయ్యి ఇది చెయ్యి అనేవాడు లేడు. నోట్లో ఏదో కూనిరాగం కూడా నడుస్తోంది. చివరి మేజోడు దగ్గర నడుం ఎత్తి వెనక్కి తిరిగి చూసుకున్నాను.

ఐదు చొక్కాలూ నేలమీదనుంచి జానెడు పైకి లేచి ఊగుతున్నాయి.

డబ్బాలో బూడిదరంగు అడుగంటింది. ఎప్పుడు కలిపానో నాకే తెలియదు.

జ్వరం తగ్గి సాయంత్రం అమ్మడు వచ్చింది. ముందు మేడమీదకి రాలేదు, కింద తెరలో చూసింది. మెట్లెక్కుతున్న చప్పుడు వింటేనే నాకు సగం తెలిసిపోయింది.

"ఏంటి మావయ్యా ఇది?"

"అదీ... చెయ్యి..."

"నీడలు వద్దన్నానా లేదా?"

"అన్నావు."

"ఎన్నిసార్లు?"

"ఎన్నిసార్లయితేనేంలే. చూడవే, ఎంత బాగా లేచాయో!"

"బాగుంటే సబ్బుల ప్రకటన అవుతుంది మావయ్యా, ఇల్లు పోయిన మనిషి కథ కాదు!" మేజోళ్ళ పక్కనే చతికిలబడింది. "రేపు పదింటికి కమిటీ. వాళ్ళ చేతిలో నా స్కెచ్ ఉంది. స్కెచ్‌లో ఒకటి, మేడమీద ఇంకొకటి. ఇక ఫ్లెక్సీ షాపే నాకు."

అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి. అరవకుండా కూర్చుంది, అదే భరించలేకపోయాను. ఈలోగా హాలు మేడమ్ కూడా పైకి వచ్చి చూసి, మర్యాదగానే చెప్పింది. "గీసిచ్చినట్టే ఉండాలండీ. పొద్దున్నకల్లా సరిచెయ్యండి. లేకపోతే కమిటీకి చూపించడం కష్టం."

తెల్లారి ఏడున్నరకే డబ్బా పట్టుకుని మేడెక్కాను. నీడలమీద తెల్లరంగు కొట్టేస్తే సరి అని మీరనుకుంటారు. మేడ నేలకున్న పాత తెలుపుమీద కొత్త తెలుపు కొడితే మాసిక వేసినట్టు కొట్టొచ్చినట్టు కనపడుతుంది. చిటికెడు నలుపు, రవ్వంత పసుపు వేసి దాని మెరుపు చంపాలి. చంపడం, ఆరనిచ్చి చూడడం, మళ్ళీ కలపడం. రంగు కుదిరేసరికి ఎనిమిదీ ముప్పావు. మూలనున్న మేజోడితో మొదలుపెట్టాను. దాని నీడ పూర్తిగా కప్పి రెండోదాని దగ్గర మోకాళ్ళమీద కూర్చుంటుండగా జోరీగ వచ్చింది. నెత్తిమీద ఒక నిమిషం ఆగింది. అంతకుముందు ఎప్పుడూ ఆగలేదు. నేను బ్రష్ ఊపాను, పోయింది.

అక్కణ్ణుంచి పని సాగలేదు. తొమ్మిది దాటగానే జనం రావడం మొదలై, మేడమీద మనిషి తిరుగుతుంటే తెరమీద బాగోదని మేడమ్ నన్ను కిందికి దింపేసింది. ఒక్క మేజోడు తప్ప అన్నీ నీడలతోనే ఉన్నాయి. అమ్మడు నా వైపు చూడనైనా చూడలేదు.

కమిటీలో ముగ్గురు. ఇద్దరు అన్నింటికీ తలలూపే మగవాళ్ళు, ఒకావిడ తెల్లజుట్టు పెద్దావిడ. దేనికీ తలూపని మనిషి. ఆవిడ తెరముందు నిలబడి, చేతిలో స్కెచ్ చూసి, తెర చూసి, మళ్ళీ స్కెచ్ చూసింది.

"ఇందులో నీడలు లేవే?" అంది.

అమ్మడు నోరు తెరిచింది. మాట వచ్చేలోపు గుమ్మంలోంచి వేరే గొంతు వచ్చింది.

"ఈ బిల్డింగుకి బాధ్యులెవరండీ?"

మున్సిపల్ ఇన్‌స్పెక్టరు. చేతిలో పలకంత ఫోను, ఒక నోటీసు కాగితం, వెనకాల గోనెసంచితో ఒక పనివాడు. మేడమ్ ఎదురెళ్ళింది. ఆయన కాగితం చూసి గడగడా చదివాడు. "ప్రజలు సందర్శించు భవనముల పైకప్పుపై వస్త్రములు ఆరవేయుట నిషిద్ధము. ఈ ఉదయం గుర్తించినవి: చొక్కాలు ఐదు, దుప్పట్లు రెండు, గౌను ఒకటి, మేజోళ్ళు పదకొండు. తక్షణమే తొలగించవలెను."

హాల్లో అందరూ తెరవైపు తిరిగి చూశారు. తర్వాత గెడ్డం అబ్బాయి ఫక్కున నవ్వాడు. మేడమ్ మాత్రం నవ్వు ఆపుకుని, "పైకి రండి సార్, మీరే తొలగించండి," అంది.

అందరం మేడెక్కాం. ఇన్‌స్పెక్టరు మెట్లమీదే ఆగి ఫోనులో ఫోటో చూస్తూ పనివాడికి చెప్పాడు. "ఆ ఎడమవైపు నీలం చొక్కాతో మొదలెట్టు."

పనివాడు వెళ్ళాడు. వంగాడు. గోళ్ళతో సిమెంటు గీరాడు. "సార్, రావట్లేదు."

"గట్టిగా లాగవయ్యా."

"గట్టిగా లాగితే మేడ వస్తుంది సార్."

అప్పుడు తలెత్తాడు ఇన్‌స్పెక్టరు. ముందుకొచ్చి బూటుతో చొక్కా కాలర్ రుద్దాడు. ఫోను చూశాడు, నేల చూశాడు, మళ్ళీ ఫోను చూశాడు. "కంప్యూటర్ లెక్కండీ ఇది. మనిషి లెక్క కాదు, తప్పు రాదు," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

అమ్మడు మాత్రం వేరే ఏదో లెక్కపెడుతోంది. నా చొక్కా పట్టి లాగింది. "మావయ్యా, మేజోళ్ళు ఎన్ని వేశాం?"

"ఆరు జతలు. పన్నెండు."

"కాగితంలో పదకొండు."

ఇద్దరం ఒకేసారి మూలకి చూశాం. పన్నెండో మేజోడు అక్కడే ఉంది, నీడ లేకుండా, నేలకి అతుక్కుని. జోరీగ కంటికి అది బట్ట కాదు, మరక. నాకప్పుడు తట్టింది. చొక్కాలు మూడు రోజులనుంచీ అక్కడే ఉన్నాయి, జోరీగ రోజూ వచ్చింది, ఒక్క కాగితం రాలేదు. నిన్న నీడ కొట్టాను, ఇవాళ సంచి పట్టుకుని మనుషులొచ్చారు.

"బ్రష్ ఇలా ఇచ్చెయ్," అంది అమ్మడు. నా జేబులోంచి తనే లాక్కుంది.

ఇన్‌స్పెక్టరు బాధ ఇన్‌స్పెక్టరుది. "దీన్ని ఎలా మూసెయ్యాలండీ నేను? ఇందులో రెండే మీటలున్నాయి. ఒకటి 'తొలగించబడినవి', రెండోది 'యజమాని నిరాకరించెను'. 'అవి బట్టలు కావు' అనే మీట లేదు."

"తొలగించాం అని నొక్కండి," అన్నాను.

"నొక్కితే రేపు తొమ్మిదింటికి అది మళ్ళీ వచ్చి చూస్తుంది. బట్టలుంటే మళ్ళీ కాగితం వస్తుంది, మళ్ళీ నేనే రావాలి."

"రండి, టీ ఇస్తాం," అంది మేడమ్.

ఇంతలో గోల విని ఇస్త్రీ పిన్ని పైకి వచ్చింది. ఈ ఊరొచ్చాక ఆవిడ ఏ మేడా ఎక్కినట్టు నాకు తెలియదు. తలమీద తువ్వాలు కప్పుకుని, గోడవారగా నడిచి, చొక్కాల దగ్గర ఆగింది. ఏం జరిగిందని అడిగితే అమ్మడు చెప్పింది. పిన్ని ఇన్‌స్పెక్టరు దగ్గరికెళ్ళి కాగితంలోకి తొంగి చూసింది.

"ఐదు చొక్కాలకి మీరు పంపింది ఇదేనా, కాగితమేనా?"

"అంతేనమ్మా. నోటీసు."

"మాకు కాగితం రాలేదు బాబూ," అంది పిన్ని. కోపంగా కాదు, పక్కింటివాళ్ళకి వచ్చిన ఉత్తరం తనకి రాలేదన్నట్టు చెప్పింది.

తలలూపే ఇద్దరూ ఊపడం ఆపేశారు. ఇన్‌స్పెక్టరు ఫోను జేబులో పెట్టుకున్నాడు. తెల్లజుట్టు పెద్దావిడ పిన్ని వైపే చూస్తూ నిలబడింది. పిన్ని మాత్రం చొక్కాలవైపు చూసి, నా వైపు తిరిగింది.

"అయినా చొక్కాని భుజాలు పట్టి ఆరేసే మనిషెవరు?" అని నన్ను నిలదీసింది. "కింది అంచు పట్టి ఆరెయ్యాలి. ఇలా ఆరేస్తే భుజాలమీద కొమ్ములొస్తాయి. బొమ్మలేసేవాడివి, నీ చొక్కా చూసుకో ముందు."

నేను చూసుకున్నాను. కొమ్ములున్నాయి. అందరూ నవ్వారు, అమ్మడు అందరికంటే గట్టిగా నవ్వింది.

పెద్దావిడ అమ్మడి దగ్గరికి వచ్చింది. "నా ప్రశ్న అలాగే ఉండిపోయింది. నీడల ఆలోచన ఎవరిది?"

ఇదిగో ఇక్కడ అమ్మడు 'నాదే' అంటే అయిపోయేది. నేను వెనకనుంచి కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నాను. నాదే అను, నాదే అను. ఆ పిల్ల మా అక్కకే పుట్టింది కదా, వింటుందా!

"నాది కాదండీ. నేను వద్దన్నాను. నాకు జ్వరమొస్తే మా మావయ్య వేసేశాడు. నిన్న నేను తిట్టాను కూడా. ఇవాళ పొద్దున చెరిపించబోయాను."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు చెరపనివ్వను. నేను బట్టలు చచ్చిపోయినట్టు ఉండాలనుకున్నాను. చచ్చిపోయినవాటిని అది చూడనే చూడట్లేదు. బతికున్నట్టు కనపడితేనే లెక్కపెడుతోంది. పిన్ని ఇంటిమీద జరిగిందీ అదే కదండీ. నాకు ఇది ఇవాళే తెలిసింది."

పెద్దావిడ నా వైపు తిరిగింది. "మీరెందుకు వేశారు?"

ఏం చెప్పాలి? గొప్ప మాట ఏదైనా చెబుదామంటే నోటికి రాలేదు. "అలవాటండీ," అన్నాను.

మొదటిసారి ఆవిడ తలూపింది.

కమిటీ కిందికెళ్ళి తలుపు వేసుకుంది. ఆ అరగంటా నేనూ అమ్మడూ మెట్లమీద కూర్చున్నాం.

"నాదే అనుంటే ఏం పోయేదే?" అన్నాను.

"నువ్వు పోయేవాడివి."

"నేనెక్కడికి పోతాను?"

"ఇరవై ఏళ్ళ తర్వాత మొదటిసారి నీ చేతి పని చూడటానికి జనం మేడెక్కారు మావయ్యా. అది నాదని నేను చెప్పుకోనా?"

కళ్ళలో రంగు పడిందని చెప్పి తుడుచుకున్నాను. ఆ పిల్ల నమ్మినట్టే నటించింది.

తలుపు తెరుచుకుంది. మేడమ్ వస్తూనే చెప్పేసింది, ఊరించలేదు. గది అమ్మడిదే, ఏడాదిపాటు. కాకపోతే ఒక మాట. రోజూ వచ్చే నోటీసుల్ని తెర పక్క గోడకి వరసగా అంటించాలి. "రోజూ వస్తాయంటారా?" అని అడిగింది ఇన్‌స్పెక్టర్ని.

"ఆగమన్నా ఆగవండీ," అన్నాడాయన దిగులుగా.

పళ్ళేలావిడ అమ్మణ్ణి కావలించుకుంది. వాళ్ళాయన తోముతున్న పళ్ళెం పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. అమ్మడు ఫోను తీసి వాళ్ళమ్మకి కలిపింది. నువ్వే చెప్పమని నా చేతికిచ్చేసింది.

"అక్కా, వచ్చింది," అన్నాను.

"ఏది, జ్వరమా మళ్ళీ?"

"గది వచ్చింది! ఏడాదికి!"

అవతల ముక్కు చీదిన చప్పుడు వినపడింది. తర్వాత, "గదికి కిటికీ ఉందా? ఫ్యానుందా? అక్కడ రంగుల వాసన పడక మళ్ళీ జ్వరం తెచ్చుకుంటుంది," అంది. ఆ వెంటనే, "ఒరేయ్, ఆ ఫ్లెక్సీవాడికి నువ్వే చెప్పు రావట్లేదని. నాకు మొహం చెల్లదు."

"నేనా! స్నానం చేసి, జుట్టు దువ్వుకుని మరీ వెళ్ళి చెబుతాను," అన్నాను.

"దువ్వడానికి ఏముందిరా," అని పెట్టేసింది.

జనం మళ్ళీ తెరముందు మూగారు. నేను డబ్బాలు సర్దుకుని గేటు దగ్గరికి వచ్చాను. ఇన్‌స్పెక్టరు అక్కడే టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పనివాణ్ణి ముందే పంపించేసినట్టున్నాడు. అటూ ఇటూ చూసి నా పక్కకి జరిగాడు.

"మీరేనా వేసింది?"

"నేనేనండీ. ఏం, ఇంకో నోటీసా?"

"అబ్బెబ్బే." గొంతు తగ్గించాడు. "మా ఇంటి మేడమీద చిన్న రేకుల గది ఒకటుందండీ. మా అత్తగారు ఉంటారు. పర్మిషన్ లేదు. ఇన్నాళ్ళూ నేను చూసుకున్నాను, వచ్చే నెలనుంచి మా పేటలో కూడా ఆ కెమెరా తిరుగుతుందట. ఆ రేకులమీద, అంటే పైనుంచి చూస్తే... గది లేనట్టు, ఖాళీ మేడలా... వెయ్యడం కుదురుతుందా?"

ఇరవై ఏళ్ళలో ఒక సర్కారు మనిషి నన్ను అడిగిన మొదటి పని అది. నాకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. పని అడిగేవాడి ముందు నవ్వకూడదు.

"వెయ్యొచ్చండీ. నా చేతిలో పనే. కానీ ముందు మా మేనకోడలు స్కెచ్ గియ్యాలి. ఆవిడ గీస్తేనే నేను వేస్తాను," అన్నాను. "లోపలే ఉంటారు, ఏడాదిపాటు. తలుపు తట్టి, అపాయింట్‌మెంట్ తీసుకోండి."